ఉభయ కుశలోపరి

ఉత్తరం వ్రాయడం నేర్పే రోజులలో పిల్లలకు మొట్టమొదట నేర్పిన మాట "ఉభయ కుశలోపరి". ఇక్కడ మేము క్షేమము, అక్కడ మీరును క్షేమమని తలచుచున్నాము, ఇక ఆపైని సంగతులు అని దాని తాత్పర్యం. రంగూనులో కూలికి పోయినవాడు వ్రాయించిన ఉత్తరమైనా, బొంబాయి బట్టల మిల్లునుండి వచ్చిన కార్డు అయినా ఆ ధోరణిలోనే మొదలయ్యేది. ఆ మాట నిజమా కాదా అని ఎవరును విచారించేవారు కారు. కార్డు చేతికి అందినది, దానిమీద తెలిసిన చేవ్రాలు ఉన్నది, అదే కుశలం.

2020వ సంవత్సరంలో కరోనా మహమ్మారి వచ్చినప్పుడు ఈ పాత మాటకు గట్టి పరీక్ష వచ్చినది. ఇప్పుడు కార్డుకు బదులు చేతిలో టెలిఫోను ఉన్నది. మాట వినిపించుటే కాదు, ముఖం కూడ కనిపించుచున్నది. అయినను ఆ యేడు ఇల్లు విడిచి దూరాన ఉన్నవారు పడిన ఒంటరితనం, కార్డుముక్క కోసం నెలల తరబడి ఎదురుచూసిన కాలంలోనైనా ఉన్నదా అని సందేహం కలుగును. ఇది ఎట్లు సంభవించినది? ఒంటరితనానికి, నమ్మకానికి, మనస్సుమీద పడే ఒత్తిడికి ఉన్న సంబంధం ఏమిటి? మన ప్రాంతంలో జరిగిన సంగతులను ముందుంచుకొని దీనిని గూర్చి ముచ్చటించదలచినాము.

ప్రవాసి అనగానే మనకు విమానం, దుబాయి, అమెరికా గుర్తుకు వచ్చును. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి జిల్లాలను తీసుకొని చూడండి. 2016 అక్టోబరు 11న, ప్రధానంగా పాత వరంగల్లు జిల్లానుండి ఏర్పడిన జిల్లాలు ఇవి. జనగామ హైదరాబాదుకు పోయే రైలుదారిమీద, రహదారిమీద ఉన్న ఊరు. ఆ వైపునుండి మగ్గం పని తెలిసినవారు భివండీకి, సూరతుకు, షోలాపూరుకు పోయినారు. మట్టిపని, తాపీపని తెలిసినవారు హైదరాబాదుకు పోయినారు. చదువుకున్న పిల్లలు అమెరికాకు పోయినారు. గల్ఫు దేశాలకు పోయేవారిలో జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు వైపువారిదే పెద్దపాలు అయినను, మన వైపునుండి పోయినవారు లేకపోలేదు.

ఇది ఒక వైపు. రెండవ వైపును మనం అంతగా తలచుకొనము. మహబూబాబాదు, ములుగు, భూపాలపల్లి ప్రాంతాలలో మిరపకాయ ఏరే కాలం వచ్చినదంటే, గోదావరికి ఆవలనున్న ఛత్తీస్‌గఢ్ అడవిపల్లెలనుండి ఆదివాసి కుటుంబాలు గుంపులు గుంపులుగా దిగుతవి. తోట పక్కన పరదా కప్పిన గుడిసెలలో ఉండి, ఎండలు ముదిరే వరకు కాయ ఏరి, కూలిడబ్బుతో తిరిగి పోతవి. బియ్యపు మిల్లులలో బస్తాలు మోసే హమాలీలలో బీహారువారు ఎక్కువ. ఇటుక బట్టీలలో ఒడిశావారు కనిపించెదరు. మనవాడు షార్జాలో ఎవరో, బస్తరునుండి వచ్చినవాడు మన చేను గట్టున అదే. వానికి మనమే పరదేశం. ఈ రెండు ప్రయాణాలను కలిపి చూడనిదే మన విషయం సగమే అర్థమగును.

ఏకాంతం వేరు, ఒంటరితనం వేరు అని మన పెద్దలకు తెలియనిది కాదు. కోరి తెచ్చుకొన్నది మొదటిది; కోరకయే వచ్చి కూర్చుండునది రెండవది. అమెరికను సామాజిక శాస్త్రజ్ఞుడు రాబర్టు వైస్ 1973లో ప్రకటించిన గ్రంథంలో ఈ ఒంటరితనం కూడ ఒకటే తీరుది కాదన్నాడు. మనసు విప్పి చెప్పుకొనడానికి ఆప్తుడొకడు లేకపోవుట ఒక తీరు. తనవారు అనదగిన నలుగురి కూటమి లేకపోవుట మరొక తీరు. ఒకదాని లోటును మరొకటి పూడ్చజాలదని ఆయన చెప్పినాడు. ఇది తెలిసినప్పుడే సింగపూరు సంగతి మనకు అర్థమగును.

సింగపూరులో వలస కార్మికులు నివసించే పెద్ద పెద్ద వసతి గృహాలు ఉన్నవి. వాటిని డార్మిటరీలు అందురు. 2020లో అందులో మూడు లక్షలకు పైబడిన కార్మికులు ఉండేవారు. తమిళులు, తెలుగువారు, బంగ్లాదేశ్ వారు, చైనావారు. ఒక్కొక్క గదిలో పదిపన్నెండుమంది, కొన్ని చోట్ల అంతకు మించి. ఆ ఏప్రిలులో వ్యాధి ఈ గృహాలలో విస్తరించినది. తలుపులు మూసివేసినారు. డిసెంబరు నాటికి పరీక్షలన్నిటిని కలిపి చూడగా, ఆ కార్మికులలో దాదాపు సగంమందికి వ్యాధి సోకినట్లు తేలినది. పడుచువారగుటచేత మరణాలు చాల స్వల్పం. అయితే నగరవాసులు మామూలుగా వీధులలో తిరగసాగిన తరువాత కూడ వీరికి పనిచోటు తప్ప వేరొక చోటికి పోయే స్వేచ్ఛ చాలకాలం దొరకలేదు. పన్నెండుమంది ఉన్న గదిలో ఒంటరితనమేమిటి అని ఆశ్చర్యపడనక్కరలేదు. ఆ పన్నెండుమంది ఒకరికొకరు తోడుగా ఉన్నవారు కారు. ఒకరికొకరు ప్రమాదంగా మారినవారు.

గల్ఫు క్యాంపులలోనూ ఇదే కథ. గదిలో పైన ఒకరు, క్రింద ఒకరు పడుకొనే ఇనుప మంచాలు. అందరికి ఒకే వంటగది, ఒకే స్నానాల గది. నిన్నటివరకు కూర పంచుకొని తిన్నవాడు దగ్గినాడంటే గది అంతా నిశ్శబ్దమగును. దగ్గినవాడు ఆ దగ్గును దాచుకొనును. బయటపడితే ఎక్కడికి తీసుకొనిపోదురో, తిరిగి వచ్చేసరికి పని ఉండునో ఉండదో, అకామా గడువు ఏమగునో అతనికి తెలియదు. కంపెనీని విడిచి, కాగితాలు లేక తిరిగే వారిని మనవారు ఖల్లివెల్లి అందురు. వారికైతే ఆసుపత్రి గుమ్మం కూడ పోలీసు ఠాణా గుమ్మంవలెనే కనిపించును. రోగం ఉన్నదని చెప్పుకొనలేని చోట రోగంకంటె ముందు నమ్మకం చచ్చును.

ఒంటరితనం నమ్మకాన్ని ఎందుకు తినివేయునో చికాగో విశ్వవిద్యాలయంలో పనిచేసిన జాన్ కాచొప్పో అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు చాలకాలం పరిశోధించినాడు. ఈయన 2018లో మరణించినాడు. ఆకలి, దప్పిక శరీరం చేసే హెచ్చరికలైనట్లే ఒంటరితనం కూడ ఒక హెచ్చరిక అని ఆయన అభిప్రాయం. మందనుండి తప్పిపోయిన మేకపిల్లను తలచుకొనండి. అది అరచుచు మందకోసం వెదకును. అంతమాత్రమే కాదు, ఆకు కదలినా ఉలికిపడును. మనిషి కూడ అంతే. ఒంటరియైనవాడు మనుషులను కోరును, ఆ మనుషులనే అనుమానించును. ఫోను ఎత్తనివాడు పనిలో ఉన్నాడని తోచదు, తనను తప్పించుకొనుచున్నాడని తోచును. మేస్త్రీ కసరుకొంటే అతనికి తలనొప్పిగా ఉన్నదని తోచదు, తనను తీసివేయబోవుచున్నాడని తోచును. నిద్ర కూడ తునకలు తునకలుగా పట్టును. ఆకలికి అన్నం తింటే తీరును. ఈ హెచ్చరికలో ఉన్న చిక్కు ఏమనగా, మందు ఏదో దానినే ఇది విషమని భ్రమింపజేయును.

ఇక ఒత్తిడి. ప్రమాదం తోచినప్పుడు మూత్రపిండాల మీద టోపీవలె ఉండే గ్రంథులు కార్టిసాల్ అనే రసాన్ని రక్తంలోకి విడుచును. పరుగెత్తడానికో, పోరాడడానికో ఆ కాస్సేపు అది మేలుచేయును. పాము పొదలోకి పోయిన తరువాత అది తగ్గవలెను. తగ్గక రోజులు, వారాలు నిలిచినదంటే నిద్ర చెడును, చిరాకు పెరుగును, రోగాన్ని ఎదుర్కొనే శక్తి సన్నగిల్లును.

పాము అనుకొన్నాము కనుక ఒక చక్కని ప్రయోగం చెప్పవలెను. లండనులోని యూనివర్సిటీ కాలేజీ శాస్త్రజ్ఞులు 2016లో దీనిని ప్రకటించినారు. కొందరిని కంప్యూటరు ముందు కూర్చుండబెట్టి, తెరమీద రాళ్ల బొమ్మలు చూపినారు. ఏ రాతిక్రింద పాము ఉన్నదో ఊహించవలెను. పాము ఉంటే చేతికి చిన్న విద్యుద్ఘాతం తగులును. వారి చెమటను, కంటిపాపల విస్తారాన్ని కొలిచి చూడగా తేలినదేమనగా, దెబ్బ తప్పక తగులునని తెలిసినప్పటికంటె, తగులునో తగలదో సగం సగంగా ఉన్నప్పుడే ఒత్తిడి ఎక్కువ. చెడు వార్తకంటె రాని వార్త ఎక్కువ బాధించునని మన ఇండ్లలో ఆడవారు ఎప్పటినుండియో అనుచున్నదే ఇది. ప్రయోగశాలలో రుజువైతే తప్ప ఒప్పుకొనని మగవారికోసం ఈ సంగతి పేర్కొన్నాము.

ఇప్పుడు మన ప్రాంతానికి వత్తము. 2020 మార్చి 22, ఆదివారం నాడు జనతా కర్ఫ్యూ. అప్పటినుండి ప్రయాణికుల రైళ్లు ఆగిపోయినవి. విదేశీ విమానాలు నిలిచినవి. 25వ తేదీనుండి దేశమంతట ఇరువదియొక్క రోజుల లాక్‌డౌను. రాష్ట్ర ప్రభుత్వం వలస కార్మికునికి తలకు 12 కిలోల బియ్యమో పిండియో, 500 రూపాయలు ప్రకటించినది. ఇరువదియొక్క రోజులు చిన్న కష్టం కాదు. అయినను లెక్క ఉన్న కష్టం అది. వ్రేళ్లమీద లెక్కించుకొనుచు మనిషి ఓర్చుకొనగలడు. ఏప్రిలు 14న ఆ గడువు మే 3వ తేదీకి పొడిగింపబడినది.

ఆ వెంటనే, ములుగు జిల్లాలో మిరపకాయ ఏరుటకు వచ్చిన ఛత్తీస్‌గఢ్ కూలీల గుంపు ఒకటి కాలినడకన బయలుదేరినది. ములుగు 2019 ఫిబ్రవరి వరకు భూపాలపల్లి జిల్లాలోని భాగమే. పెద్దదారిమీద ఆపుదురని అడవిదారి పట్టినారు. మూడు రోజులు నడచినారు. గుంపులో పన్నెండేళ్ల బాలిక ఒకతె ఉన్నది. ఏప్రిలు 18న, బీజాపూరు జిల్లాలోని తన ఊరు ఇక కొద్ది మైళ్లు ఉన్నదనగా ఆమె కూలిపోయి మరణించినది. తరువాత పరీక్షించి చూడగా ఆమెకు కరోనా లేదు. ఎండ, అలసట, శరీరంలోని నీరు, లవణాలు ఇంకిపోవుట – ఇవే కారణమని వైద్యులు చెప్పినారు.

వారెందుకు నడచినారు? ఏరే పని అయిపోయి ఉండవచ్చును, తిండికి ఇబ్బంది కలిగి ఉండవచ్చును. వాటిని మేము తక్కువచేసి చెప్పము. కాని పొడిగింపుకు, ప్రయాణానికి నడుమ ఎడమంటూ లేదన్న సంగతిని గమనించవలెను. మే 3 అన్న రెండవ తేదీని ఎవరైనా ఏ ఆధారంతో నమ్మవలెను? మొదటి తేదీ వారి కన్నుల ఎదుటనే మాట తప్పినది. అటువంటప్పుడు మనిషికి నమ్మదగినదిగా తోచేది ఒక్కటే, తన కాళ్లు. 1942లో జపాను సేనలు బర్మాలో ప్రవేశించినప్పుడు లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి నడచి వచ్చినారు. వారిలో మన తెలుగువారు వేలాదిగా ఉన్నారు. దారిలోనే పడిపోయినవారు అనేకులు. ఆ కథలు విన్న మన ఇండ్లలో, 2020 నడక అర్థంకాని వింతగా కనిపించి ఉండకూడదు.

సంగారెడ్డి జిల్లా కందిలో ఐఐటీ హైదరాబాదు కట్టడాల పనిలో ఉన్న వేలాది కార్మికులు ఏప్రిలు 29న రోడ్డెక్కినారు. మమ్ములను ఇంటికి పంపుడు, మా కూలి మాకు ఇప్పించుడు అని వారి కోరిక. పోలీసులమీద రాళ్లు పడినవి. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి స్టేషనునుండి జార్ఖండులోని హటియాకు దాదాపు పన్నెండు వందలమందితో రైలు కదలినది. దేశంలో నడచిన మొదటి శ్రామిక రైలు అదే. ఫలానా తేదీన రైలు కలదు అన్న ఒక్క మాట పది రోజులు ముందు దొరికి ఉంటే ఆ రాళ్లు లేచి ఉండేవా అని అడుగకుండ ఉండలేము.

చదువుకున్నవారికి ఈ బాధ తక్కువ అనుకొనరాదు. 2020 జూలై 6న అమెరికా ప్రభుత్వం ఒక ప్రకటన చేసినది. కళాశాల పాఠాలన్నీ కంప్యూటరుమీదనే జరిగే పక్షంలో విదేశీ విద్యార్థులు దేశం విడిచి పోవలెను, లేదా పాఠాలు ప్రత్యక్షంగా జరిగే వేరొక విద్యాలయంలో చేరవలెను అని. విమానాలు లేవు, గది అద్దెకు ఒప్పందం ఉన్నది, ఇంటిదగ్గర బ్యాంకు అప్పు ఉన్నది. విశ్వవిద్యాలయాలు న్యాయస్థానానికి ఎక్కగా జూలై 14న ఆ ఉత్తరువు రద్దయినది. ఎనిమిది రోజులే. ఆ ఎనిమిది రోజులు జనగామలోనో హనుమకొండలోనో ఉన్న తల్లిదండ్రులు ఏ రాతిక్రింద ఏమున్నదో తెలియక గడిపినారు. అక్కడి పగలు ఇక్కడ రాత్రి కనుక రెండు చోట్లా నిద్ర చెడినది.

ఇక మా ఉద్దేశంలో ఈ విషయానికంతటికి నడిబొడ్డు అయిన సంగతికి వత్తము. అది ఇంటికీ ప్రవాసికీ నడుమ జరిగే సంభాషణ.

గల్ఫు వలస మొదలైన నాళ్లలో ఊరిలో టెలిఫోను ఉండుటే గొప్ప. అక్కడివారు టేప్‌రికార్డరు ముందు కూర్చుండి, కేసెట్టు నిండ మాటలు నింపి, సెలవుమీద వచ్చేవాని చేతికిచ్చి పంపేవారు. ఇంటిల్లిపాది చుట్టూ చేరి వినేవారు. ఆ కేసెట్టులో ఒక గుణం ఉన్నది. గంటసేపు మాట్లాడేవాడు గంటసేపూ కట్టుకథ చెప్పలేడు. ఎక్కడో గొంతు తడబడును. వెనుక ఎవరో పిలిచినది, గిన్నె క్రింద పడినది కూడ అందులో వినిపించును. ఎవరును అడుగకయే తల్లికి కొడుకు బ్రతుకు తెలిసిపోయేది.

మహమ్మారి నాటి వీడియో టెలిఫోను అట్టిది కాదు. క్యాంపులోని కొడుకు గదిలో తెల్లగా ఉన్న గోడను వెదకి, ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, దాని ముందు నిలబడి ఫోను చేయును. మూడు నెలలుగా జీతం లేదని చెప్పడు; పక్క గదివాడిని అంబులెన్సు తీసుకొనిపోయినదని చెప్పడు. ఇక్కడ తల్లి తండ్రికి జ్వరమన్న మాట దాచును.

"బాగున్నవా బిడ్డా?"

"బాగున్ననమ్మా. అక్కడ అందరు బాగేనా?"

"అందరం బాగున్నం. నువ్వు పైలం."

ఉభయ కుశలోపరి! ఇద్దరు చెప్పినదీ అబద్ధమే, ఇద్దరు చెప్పినదీ ప్రేమతోనే. ఒకరు దాచుచున్నారని రెండవవారికి తెలియును కూడ. ఫోను పెట్టివేసిన తరువాత ఇద్దరును ముందుకంటె ఎక్కువ ఒంటరులగుదురు. దాచిన సంగతి పెద్దదై ఉండి ఒకనాడు బయటపడినదనుకొనండి. తండ్రి పోయిన మూడవనాడు కొడుకుకు తెలిసినదనుకొనండి. ఆపైన ఇంటినుండి వచ్చే ప్రతి "బాగున్నం"లోను అతడు ఒక చావును వెదుకును. నిజంగా అందరు బాగున్న నాడు కూడ ఆ మాట అతనికి ఊరట ఈయదు. మేము రేడియోలో పనిచేయువారము కనుక మాట విలువను పెంచి చెప్పుచున్నామని శ్రోతలు అనుకొనవచ్చును. అయినను మా అభిప్రాయం ఇది: ఆ కాలంలో ప్రవాసికి కరవైనది మనుషులూ కారు, మాటలూ కావు. కరవైనది, చెడు సంగతి ఉంటే చెప్పి తీరును అన్న నమ్మకం గల గొంతు ఒక్కటి.

మాటలకు లోటు లేదని అన్నాము. ఆ రోజులలో వచ్చిపడిన పుకార్లే అందుకు సాక్ష్యం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధితోపాటు వ్యాపించే సమాచారపు వెల్లువకు 2020 ఫిబ్రవరిలోనే వేరొక పేరు పెట్టి హెచ్చరించినది. పదేపదే చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్కరికే పంపవీలగునట్లు వాట్సాప్ సంస్థ ఆ ఏప్రిలులో కట్టడి చేసినది. మరొక మాట కూడ ఇక్కడ చెప్పవలసి ఉన్నది. అందరం "సామాజిక దూరం" అని పలికినాము. మార్చి 20న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పదం తగదు, "భౌతిక దూరం" అనవలెను అని సూచించినది. మనిషికీ మనిషికీ సంబంధం తెగవలెనని తమ ఉద్దేశం కాదన్నది. ఆ సూచన మన ఊళ్లకు చేరలేదు. సామాజిక దూరం అన్న మాటకు మన దేశంలో ఎంత పాత గాయం ఉన్నదో తలచినవారును తక్కువే.

ఆ గాయం తిరిగివచ్చినవారికి తగిలినది. వందే భారత్ పేరుతో విమానాలు 2020 మే 7నుండి నడచినవి. కువైటునుండి హైదరాబాదుకు మొదటి విమానం మే 9న 163 మందితో దిగినది. టిక్కెట్టు వ్యయం ప్రయాణికునిదే. కువైటు ప్రభుత్వం ఆ ఏప్రిలులో కాగితాలు లేనివారికి క్షమాభిక్ష ప్రకటించగా, మనవారు వేలాదిగా లొంగి శిబిరాలలో చేరి, విమానాలకోసం వారాల తరబడి ఎదురుచూచినారు. రావలసిన జీతం విడిచి వచ్చినవారు అనేకులు. చనిపోయినవారికి కూడ దారి సుగమంగా లేదు. ఏప్రిలు నెలలో అబుదాబినుండి ఢిల్లీ చేరిన మూడు భారతీయుల శవపేటికలను దించనీయక వెనుకకు పంపివేసినారు. తరువాత నియమాలు సవరించి అనుమతించినారు. ఆ వార్త విన్న ప్రవాసి, తాను బ్రతికి పోగలనా అన్న ప్రశ్నకు తోడు, చచ్చియైనా పోగలనా అన్న ప్రశ్న కూడ వేసుకొన్నాడు.

ఊరికి వచ్చినవాడు ఏమి చూచినాడు? పొలిమేరలో దారికి అడ్డంగా ముళ్లకంప. చేతిమీద ముద్ర, ఇంటి గోడకు కాగితం. వ్యాధి వ్యాపించకుండ వచ్చినవారిని కొన్నాళ్లు వేరుగా ఉంచుట అవసరమే. అందులో తప్పు పట్టరాదు. కాని కంపకు ఇవతల నిలబడి "ఎట్లున్నవు, పద్నాలుగు రోజులైనంక ఇంటికి రా, అన్నం గేటు కాడ పెడ్తం" అన్న ఊరును, తలుపులు మూసుకొన్న ఊరును ఆ మనిషి ఎన్నడును ఒక్కటిగా తలచడు. ఇరవై ఏండ్లు ఊరిలో గుడికి, బడికి చందాలు పంపినవాడు తాను తనవారు అనుకొన్న నలుగురి కూటమిని ఒక్క పూటలో పోగొట్టుకొనుట, రాబర్టు వైస్ చెప్పిన రెండవ తీరు ఒంటరితనం. ఇంటిలో భార్యాబిడ్డలు ఉన్నను అది పూడదు.

మరుసటి యేడు చక్రం తిరిగినది. 2021 ఏప్రిలు, మే నెలలలో ఇక్కడ ఆక్సిజను దొరకక జనం అల్లాడిన రోజులలో ప్రమాదం ఇంటిలో, క్షేమం ప్రవాసంలో. మే 4నుండి అమెరికా మన దేశంనుండి వచ్చేవారిని చాలమట్టుకు నిలిపివేసినది. నవంబరు వరకు ఆ కట్టడి ఉన్నది. తల్లిని చూడబోతే ఉద్యోగం చేరుకొనలేడు, పోకుంటే తల్లిని చూడలేడు. ఎందరో కొడుకులు, కూతుళ్లు తండ్రి అంత్యక్రియలను అరచేతిలోని తెరమీద చూచినారు. ఆ యేడు దాచుట సాధ్యం కాలేదు. మంచం దొరకలేదని, ఇంజెక్షను కావలెనని ఇక్కడివారు అడుగవలసి వచ్చినది. అక్కడివారు రాత్రంతా మేల్కొని ఎవరెవరికో ఫోనులు చేయవలసి వచ్చినది. దుఃఖం ఎంత ఘోరమైనదైనను, చేయుటకు ఒక పని, చెప్పుకొనుటకు ఒక నిజం ఉన్నందున ఆ రెండవ యేటి బాధ మొదటి యేటి ఒంటరితనంవంటిది కాదని మాకు తోచుచున్నది.

మన ప్రాంతానికి వచ్చినవారి సంగతి మరచిపోరాదు. 2020 హోలీకి ఇండ్లకు పోయి చిక్కుకొన్న బీహారు హమాలీలు 222 మంది మే 8న ఖగడియానుండి ప్రత్యేక రైలులో లింగంపల్లికి వచ్చినారు. రాష్ట్రంలోని మిల్లులలో పని కోసం. స్టేషనులో గులాబీలిచ్చి వారికి స్వాగతం చెప్పినారు. లక్షలమంది ఇంటిదారి పట్టిన ఆ వారంలో వీరు ఎదురుదారి వచ్చినారు. రప్పించినది ఆకలియా, మిల్లరు మాటమీది నమ్మకమా అని విడదీసి చెప్పుట కష్టం. ఎక్కడ పని, ఎవరు పిలిచినారు అన్నది తెలిసి వచ్చినవారు మాత్రం వారు.

భాష ఇందులో పెద్ద పాత్ర వహించును. కేరళలో వలస కార్మికులను అతిథి కార్మికులు అని పిలిచి, హిందీ, బెంగాలీ, ఒడియా మొదలైన భాషలలో వారితో మాట్లాడే ఏర్పాటు చేసినారు. మన వైపు మిరపతోటలకు వచ్చేవారిలో కోయ, గోండి మాట్లాడేవారున్నారు. అవి తెలుగుకు దాయాదులైన ద్రావిడ భాషలే. హల్బీ అట్లు కాదు. గుంపులో తెలుగు వచ్చిన మేస్త్రీ ఒక్కడే ఉండును. ప్రభుత్వం చెప్పినా, రైతు చెప్పినా ఆ ఒక్క నోటి గుండానే అందరికి చేరవలెను. అతడు భయపడితే గుంపంతా భయపడును. 2022 అక్టోబరు 10నుండి టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సేవ 14416 నంబరుమీద రాత్రింబగళ్లు ఉచితంగా నడచుచున్నది. తెలుగుతోపాటు అనేక భారతీయ భాషలలో మాట్లాడవచ్చును. మన ఇండ్లలోని వారికి అది చాల ఉపయోగం. అడవిభాష మాట్లాడే కూలికి మాత్రం ఇంకను ఆ మేస్త్రీయే టెలిఫోను.

దూరాన ఉన్న బిడ్డతో మాట్లాడే తల్లిదండ్రులు "బాగున్నవా" అన్న ప్రశ్నను కొంచెం మార్చి చూడవచ్చును. ఆ ప్రశ్నకు జవాబు అందులోనే ఉన్నది. "ఈ పూట ఎవరు వండిండ్రు? ఏం కూర? రూములో ఎంతమంది ఉన్నరు ఇప్పుడు?" అని అడిగితే, కేసెట్టులో వినిపించిన గిన్నె చప్పుడువంటిది ఏదో బయటికి వచ్చును. ముందుగా తమ ఇంటి జ్వరం సంగతి తామే చెప్పగలిగితే అటునుండి కూడ నిజం రావడానికి దారి ఏర్పడును.

మిరపకాయ ఏరే కాలం ఏటేటా వచ్చునదే. ఏటూరునాగారం దాటి గోదావరి వంతెనమీదుగా గుంపులు మళ్లీ దిగునవే. తోటలోకి వచ్చిన కూలి తెలుసుకొనగోరేవి ఎక్కువ ఉండవు: కూలి ఎంత, లెక్క ఎవరు వ్రాయుదురు, తిరుగు ప్రయాణం ఏనాడు, అంతకుముందే పని ఆగిపోతే బండి ఎవరిది. చివరి రెంటికి జవాబులు పని మొదలైన నాడే, మేస్త్రీకి మాత్రమే కాక గుంపులోని ఆడవారికి కూడ వినపడునట్లు చెప్పవలసినవి.